శాస్త్రాన్ని ఎంచుకునే ముందు: డోర్నకల్ జంక్షన్ నుంచి ఒక విచారణ

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి డిగ్రీ ప్రవేశాల తొలి విడత ముగిసేదాకా విద్యార్థికి చిక్కే వ్యవధి కొన్ని వారాలే. 2016 నుంచి తెలంగాణలో అమలవుతున్న దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతిలో ఆ కొన్ని వారాల్లోనే కళాశాలలనూ కోర్సులనూ ప్రాధాన్య క్రమంలో పేర్చి వెబ్ ఆప్షన్లు ఇవ్వవలసి ఉంటుంది. అందువల్ల డోర్నకల్ వంటి పట్టణాల్లో ఈ నిర్ణయాన్ని తరచు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా లేదా అన్న ప్రశ్న, రోజూ రైల్లోనో బస్సులోనో వెళ్లి రాగల దూరమేనా అన్న ప్రశ్న, అదే వాడకట్టులో నిరుడు చేరిన పిల్లలు ఏ గ్రూపు తీసుకున్నారన్న వాకబు నడిపిస్తాయి. ఇవి ఇంటి పరిస్థితిని బట్టి పుట్టిన న్యాయమైన ప్రశ్నలే. చుట్టుపక్కల తండాల్లో, పల్లెల్లో ఫీజు భరించలేని కుటుంబాలకు మొదటి ప్రశ్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. అయినా, చదవబోయే శాస్త్రం ఏమిటి, దాన్ని చదివినవారు ఏ పని చేస్తారు, ఆ పనికి జీతమిచ్చేది ఎవరు అన్న విచారణ ఈ లెక్కలో ఎక్కడా కనిపించకపోవడం విద్యార్థికి జరుగుతున్న పెద్ద అన్యాయం.

ఒకే తరహా ప్రశ్నలను, అందరూ ఒప్పుకున్న కొన్ని పద్ధతులతో వెతుకుతూ, తరతరాలుగా కూడబెట్టిన జ్ఞానాన్ని శాస్త్రశాఖ అంటారు. పట్టా పేరు వేరు, శాస్త్రశాఖ వేరు. బీఎస్సీ అన్నది పట్టా; అందులో రసాయనశాస్త్రం ఒక శాఖ, భూగర్భశాస్త్రం మరొక శాఖ. కళాశాల గోడ మీది ఫ్లెక్సీలో కనిపించేది పట్టా పేరే గనుక విద్యార్థి దాన్నే చూసి చేరతాడు. శాఖ సంగతి మూడో ఏడు గడిచి, ఉద్యోగ ప్రకటనలో అర్హతల పేరా చదివినప్పుడు గాని బయటపడదు. విచారణ ఆ శాఖ సంగతితో ముగియడం కాక దానితోనే మొదలుకావాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న ముఖ్య విషయం. ఒక శాస్త్రాన్ని గురించి తెలుసుకోవాలంటే ముందుగా అది నిజంగా పని చేసే చోటికి వెళ్లాలి, అక్కడి నుంచి తరగతి గదికి వెనక్కి నడవాలి. డోర్నకల్ విద్యార్థికి అటువంటి చోటు చాలా దగ్గరలో ఉంది.

ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్, 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా వరంగల్ జిల్లాలో భాగం. కాజీపేట నుంచి విజయవాడకు పోయే ప్రధాన రైలుమార్గం నుంచి ఇక్కడే ఒక శాఖ విడిపోయి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు సాగుతుంది. మణుగూరు, కొత్తగూడెం గనుల బొగ్గును మోసుకొచ్చే గూడ్సు బండ్లు ఈ జంక్షన్ దగ్గరే ప్రధాన మార్గాన్ని కలుస్తాయి. నిజాం కాలంలో 1880ల చివరికి బెజవాడ దాకా పట్టాలు పడటం, 1889లో సమీపంలోని ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలుకావడం ఒకదానికొకటి తోడైన పరిణామాలు. డోర్నకల్ జంక్షన్ అయిందంటే దానికి కారణం బొగ్గు. ఆ బొగ్గు అక్కడ ఉందని చెప్పగలిగినది భూగర్భశాస్త్రం.

ఇంత దగ్గరి సంబంధం ఉన్నా, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ గ్రూపుల మధ్యనే నడిచే జూనియర్ కళాశాలల్లో ఈ శాస్త్రం పేరు వినపడటం అరుదు. ఇంటర్‌లో వినని పేరును దోస్త్ ఆప్షన్లలో ఎవరూ ఎంచుకోరు. అందుకే ఇక్కడ భూగర్భశాస్త్రాన్నే ఉదాహరణగా తీసుకుని, ఒక శాస్త్రశాఖనూ దాని ఉద్యోగావకాశాలనూ ఎలా పరిశోధించాలో పరిశీలించడం సమంజసం. ఈ పద్ధతి మిగతా శాస్త్రాలకూ వర్తిస్తుంది.

1851లో కలకత్తా కేంద్రంగా ఏర్పడి, అందరూ జీఎస్ఐ అని పిలిచే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున విలియం కింగ్ అనే శాస్త్రవేత్త 1870ల తొలి సంవత్సరాల్లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. ప్రాణహిత, గోదావరి లోయ శిలల గురించి ఆయన రాసిన గ్రంథం 1881లో వెలువడింది. ఆ తర్వాత ఆయన ఆ సంస్థకే అధిపతి అయ్యాడు. ఈ ప్రాంతపు గనుల్లో ఒక బొగ్గు పొరను నేటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. ఇక్కడ గమనించవలసింది, బొగ్గు దొరకడం గాలివాటున జరిగిన పని కాదన్న సంగతి. 25 కోట్ల సంవత్సరాలకు పైగా పూర్వం, గోండ్వానా అని పిలిచే ప్రాచీన మహాఖండంలో, నదీ మైదానాల వెంట పేరుకున్న వృక్షసంపద మట్టి కింద నలిగి బొగ్గుగా మారింది. ఆ కాలపు శిలలు ఒక క్రమంలో ఒకదాని మీద ఒకటి ఏర్పడ్డాయి: అడుగున తాల్చేర్ అనే శిలా సముదాయం, దాని మీద బరాకర్ అనే ఇసుకరాతి సముదాయం. మన దేశపు గోండ్వానా బొగ్గులో అధిక భాగం ఈ బరాకర్ శిలల్లోనే ఉంటుంది. కాబట్టి తాల్చేర్ రాళ్లు నేల మీద కనిపించిన చోట, అవి ఏ వైపుకు వాలి ఉన్నాయో కొలిచి చూస్తే, బరాకర్ శిలలు ఏ దిశలో ఎదురుకావచ్చునో ఊహించవచ్చు. కనిపించే దాన్ని బట్టి కనిపించని దాన్ని లెక్క గట్టడం ఈ శాస్త్రానికి ప్రాణం. ఏ శాస్త్రాన్ని గురించి విచారించినా, మొదట అది ఏ ప్రశ్నను వేసుకుంటుందో, ఏ ఆధారంతో జవాబు చెబుతుందో పట్టుకోవాలి. ఆ ప్రశ్న మనసును లాగకపోతే, జీతం ఎంత ఉన్నా ముప్పై ఏళ్లు ఆ పనిలో నిలవడం కష్టం.

ఆ పని నేడు ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడవచ్చు. బొగ్గు పొర ఉందనుకున్న చోట యంత్రంతో నిలువునా రంధ్రం వేస్తారు. సాధారణ బోరుబావిలో రాయి పొడిగా బయటికి వస్తే, ఇక్కడ వజ్రపు పలుకులు పొదిగిన గుండ్రని బిట్టు రాతిని చుట్టూ కోసుకుంటూ దిగి, మధ్యలో మిగిలిన స్తంభాన్ని చెక్కు చెదరకుండా పైకి తెస్తుంది. దీన్ని కోర్ అంటారు. ఆ స్తంభపు ముక్కలను గదులు గదులుగా ఉన్న పెట్టెలో, ఏ లోతుది ఆ లోతు వరుసలో అమర్చి, ప్రతి చోటా లోతును రాసిన చిన్న చెక్క దిమ్మెను ఉంచుతారు. భూగర్భ శాస్త్రవేత్త ఆ పెట్టెల ముందు కూర్చుని, రాయి రంగు, రేణువుల పరిమాణం, పొరల వాలు, పగుళ్లు, బొగ్గు మొదలైన లోతు, ముగిసిన లోతు ఒక్కొక్కటిగా నమోదు చేస్తాడు. బయటికి వచ్చిన కోర్‌లో పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కల పొడవులన్నీ కూడి, అవి తవ్విన మొత్తం పొడవులో ఎంత శాతమో లెక్కిస్తాడు; ఆ శాతాన్ని ఆర్‌క్యూడీ, అంటే శిలానాణ్యత సూచిక, అంటారు. అది తక్కువగా ఉంటే పైకప్పు రాయి బలహీనమని, గని లోపల ఆధారాలు ఎక్కువ పెట్టాలని, ఓపెన్‌కాస్టు గని అయితే గోడ వాలును తగ్గించాలని అర్థం. ఎండలో, షెడ్డు కింద, ఓపికగా చేసే ఈ నమోదులో ఒక్క అంకె తప్పితే కింద పనిచేసే మనుషుల ప్రాణాలకే ముప్పు. ఈ శాస్త్రాన్ని చదవాలనుకునే విద్యార్థి కోర్సు కరపత్రం కన్నా ముందు ఒక కోర్ పెట్టెను కళ్లారా చూడగలిగితే, ఆ చదువు తనకు సరిపడుతుందో లేదో చాలావరకు తేలిపోతుంది.

భూగర్భశాస్త్రానికీ మైనింగ్ ఇంజనీరింగ్‌కూ మధ్య భేదం తెలియక పొరబడేవారు ఎక్కువ. బొగ్గు ఎక్కడ, ఎంత, ఎటువంటిది అని చెప్పేది మొదటిది. దాన్ని ప్రాణహాని లేకుండా, గిట్టుబాటుగా బయటికి తీసేది రెండవది. మొదటి దానికి బీఎస్సీ, ఎమ్మెస్సీ దారి. రెండవ దానికి ఎప్‌సెట్ రాసి బీటెక్‌లో చేరడం, లేదా పదో తరగతి తర్వాత పాలిసెట్ ద్వారా డిప్లొమాలో చేరడం దారి. కొత్తగూడెంలో 1978లో సింగరేణి బొగ్గు సంస్థ తోడ్పాటుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద మొదలైన మైనింగ్ కళాశాల, తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చి, 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. డోర్నకల్‌లో రైలెక్కి శాఖామార్గం వెంట వెళ్తే కొత్తగూడెం చేరవచ్చు. స్టేషన్ పేరు మాత్రం భద్రాచలం రోడ్.

మైనింగ్ ఇంజనీరింగ్‌లో పట్టా ఒక్కటే చాలదన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. గనిలో బాధ్యత వహించాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే యోగ్యతా పత్రాలు కావాలి: మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్, ద్వితీయ శ్రేణి మేనేజర్, ప్రథమ శ్రేణి మేనేజర్ అన్నవి ఆ మెట్లు. ప్రతి మెట్టుకూ గనిలో నిర్ణీత కాలం పని చేసిన అనుభవం, ఆపైన పరీక్ష ఉంటాయి. బొగ్గుబాయి కుటుంబాల్లో ఈ పేర్లు పిల్లలకు కూడా తెలుసు. ఆ కుటుంబాలకు వెలుపలి విద్యార్థికి ఎవరూ చెప్పరు. ఇక ఆడపిల్లల విషయానికి వస్తే, 1952 నాటి గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలు భూగర్భ గనుల్లో పని చేయడాన్ని దశాబ్దాల పాటు నిషేధించింది. 2019 తొలి నాళ్లలో కేంద్ర కార్మిక శాఖ ఇచ్చిన సడలింపుతో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతల్లో స్త్రీలు కొన్ని షరతులకు లోబడి పగటి వేళల్లో గని లోపల పని చేసే వీలు కలిగింది. అంతకు ముందు అచ్చయిన కెరీర్ పుస్తకాన్ని నమ్ముకున్న విద్యార్థినికి ఈ దారి మూసి ఉందనే అనిపిస్తుంది. అందుకే విచారణలో సమాచారం ఏ సంవత్సరానిదో చూడటం అంత ముఖ్యం.

శాస్త్రశాఖకు, ప్రజల ఆశలకు ఉన్న సంబంధం బయ్యారంలో స్పష్టంగా కనిపిస్తుంది. డోర్నకల్‌కు పొరుగునే ఉన్న బయ్యారం ప్రాంతంలో ఇనుప ఖనిజం ఉన్నదన్న సంగతి ఊరూరా తెలుసు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడవ షెడ్యూలులో, బయ్యారం అప్పట్లో ఉన్న ఖమ్మం జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం ఏర్పాటుకు గల అవకాశాన్ని స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా సంస్థ ఆరు నెలల్లో పరిశీలించాలని రాసి ఉంది. దశాబ్దం దాటినా కర్మాగారం రాలేదు. రాజకీయంగా దీని మీద జరిగిన వాదాలు అందరూ విన్నవే. వాటి అడుగున ఉన్న శాస్త్రప్రశ్న మాత్రం ఎక్కువమంది దాకా చేరలేదు. రాతిలో ఇనుము ఉండటం ఒకటి, దాన్ని తీసి లాభసాటిగా కరిగించగలగడం మరొకటి. భారత గనుల బ్యూరో హెమటైట్ రకపు ఇనుప ఖనిజానికి 45 శాతం ఇనుమును కనీస ప్రమాణంగా పెట్టింది. నిల్వల లెక్క కూడా ఒకే అంకె కాదు: దేశంలో అనుసరించే ఐక్యరాజ్యసమితి వర్గీకరణ పద్ధతిలో అన్వేషణ జీ4 అనే ప్రాథమిక పరిశీలన నుంచి జీ1 అనే సమగ్ర అన్వేషణ దాకా నాలుగు దశల్లో సాగుతుంది, దానితో పాటు సాంకేతిక సాధ్యత, ఆర్థిక గిట్టుబాటు విడివిడిగా తూచబడతాయి. తొలి దశలో వేసిన అంచనాను చివరి దశ నిల్వగా పత్రికల్లో చదివిన యువకులు ఆశ పెట్టుకోవడంలో వారి తప్పేమీ లేదు. ఆ అంకె ఏ దశదో అడగగల చదువు ఆ ఊళ్లలో లేకపోవడమే అసలు బాధ. బయ్యారం, గార్ల, డోర్నకల్ మండలాల నుంచి పదిమంది పిల్లలు భూగర్భశాస్త్రం చదివి ఉంటే, ఈ ప్రాంతం తన ఖనిజాన్ని గురించి తానే గట్టిగా, ఆధారాలతో మాట్లాడగలిగేది.

ఇక ఉద్యోగావకాశాల పరిశోధన. దీనికి అన్నిటికన్నా నమ్మదగిన పత్రం ఉద్యోగ ప్రకటన. అందులోనూ అర్హతల పేరా. దాన్ని పట్టా పుచ్చుకున్న తర్వాత కాక, డిగ్రీ మొదటి ఏడే తీసి చదవాలి. యూపీఎస్సీ ఏటా నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షనే చూడవచ్చు. జీఎస్ఐలో జియాలజిస్టు పోస్టుకు భూగర్భశాస్త్రంలోనో దాని అనువర్తిత శాఖల్లోనో పీజీ పట్టా అడుగుతారు. బీటెక్ మైనింగ్ పట్టాతో దానికి దరఖాస్తు చేయడం కుదరదు. అదే పరీక్షలో జియోఫిజిసిస్టు పోస్టుకు భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవారు, కెమిస్టు పోస్టుకు రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవారు అర్హులు. సాధారణ డిగ్రీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, ఉపాధ్యాయ ఉద్యోగం తప్ప వేరే దారి లేదనుకునే విద్యార్థులకు ఈ ఒక్క పేరా ఎంతో విలువైనది. వయసు 21 నుంచి 32 ఏళ్ల మధ్య ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. కేంద్ర భూగర్భ జల బోర్డులో శాస్త్రవేత్త పోస్టులూ ఇదే పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి.

అర్హత తర్వాత చూడవలసింది పోస్టుల సంఖ్య, అదీ ఒక్క ఏడాదిది కాక వరుసగా కొన్నేళ్లది. ఈ పరీక్షకు ప్రకటించిన పోస్టులు 2023లో 285, 2024లో 56 మాత్రమే, 2025లో 85. మొదటి అంకెను ఒక్కదాన్నే చూసినవారు ఎక్కువ ఆశిస్తారు, రెండవ దాన్నే చూసినవారు శాస్త్రాన్నే వదిలేస్తారు, రెండూ తొందరపాటే. రాష్ట్ర భూగర్భ జల శాఖ పోస్టులకు 2022 చివర్లో వచ్చిన ప్రకటనల్లోనూ సంఖ్య పదుల్లోనే ఉంది. ఇంత చిన్న సంఖ్యల మీద ఆధారపడే శాస్త్రంలో చేరే విద్యార్థి రెండో దారిని మొదటి నుంచే సిద్ధం చేసుకోవాలి: సీఎస్ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల పేపరు పరిశోధన వృత్తికి, అధ్యాపక వృత్తికి దారి, గేట్‌లో భూగర్భ, భూభౌతిక శాస్త్రాల పేపరు ఎంటెక్‌కూ కొన్ని ప్రభుత్వ రంగ సంస్థల నియామకాలకూ దారి, ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే నైపుణ్యం ప్రైవేటు సంస్థలకు దారి.

బొగ్గు భవిష్యత్తు గురించి విద్యార్థులకు దాచకుండా చెప్పవలసిన సంగతులున్నాయి. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ పేరు పొందిన సంస్థ, నేడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాతో నడుస్తోంది. 1990ల తొలి నాళ్లలో లక్షకు పైగా కార్మికులతో ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపే బొగ్గు తీసిన ఈ సంస్థ, 2023-24లో 7 కోట్ల టన్నులు తీసింది. కార్మికులు మాత్రం నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. ఉత్పత్తి మూడు రెట్లు దాటగా చేతులు సగానికన్నా తగ్గాయంటే, చేతులతో బొగ్గు ఎత్తి నింపే తట్టాచెమ్మసు పని పోయి యంత్రం వచ్చిందని, దానితో పాటు అవసరమయ్యే చదువూ మారిందని అర్థం. ఒకప్పుడు బొగ్గుట్ట అని పిలిచిన ఇల్లందులోనే భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్టు గనులు వచ్చాయి. అక్కడ గోడల వాలు కూలకుండా కనిపెట్టే రాడార్ల సమాచారాన్ని చదవడం, డ్రోన్‌తో సర్వే చేయడం, తవ్వి వదిలిన నేలను తిరిగి చదును చేసి మొక్కలు పెంచే ప్రణాళిక వేయడం నేటి పనులు. దేశం 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తానని 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. 2025లో డిగ్రీలో చేరిన విద్యార్థి ఉద్యోగ విరమణ వయసు అంతకు ముందే వస్తుంది. కాబట్టి అతడి ఉద్యోగ జీవితం మొత్తం ఈ మార్పు నడుమనే గడుస్తుంది. అంతమాత్రాన శాస్త్రానికి కాలం చెల్లిందనడం తప్పు. బ్యాటరీలకు, గాలిమరలకు కావలసిన లిథియం, నికెల్, అరుదైన మృత్తిక లోహాలను వెతకవలసింది కూడా ఈ శాస్త్రమే. 2023లో కేంద్రం 30 కీలక ఖనిజాల జాబితాను ప్రకటించి, 2025లో వాటి అన్వేషణకు జాతీయ స్థాయి కార్యక్రమాన్ని ఆమోదించింది. బొగ్గు సంస్థను నమ్ముకుని మైనింగ్ చదవడం ఒక నిర్ణయం, శిలలను చదవడం నేర్చుకుని ఏ ఖనిజానికైనా సిద్ధపడటం మరొక నిర్ణయం. రెండవది ఎక్కువ కాలం నిలిచే చదువు.

నీటి సంగతి ఇంకా దగ్గరిది. వరంగల్, మహబూబాబాద్ ప్రాంతాల్లో చాలా చోట్ల నేల కింద ఉన్నది గ్రానైటు వంటి గట్టి రాయి. అందులో నీరు రాతి అంతటా ఉండదు, పై భాగంలో మెత్తబడిన పొరలోను, లోపలి పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. అందుకే ఒక బోరులో నీరు పడి, నాలుగడుగుల దూరంలోని మరో బోరు ఎండిపోవడం జరుగుతుంది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి జాడ చెప్పేవారి మాట విని బోరు మీద బోరు వేయించి అప్పులపాలైన రైతులు ప్రతి మండలంలో ఉన్నారు. జల భూగర్భ శాస్త్రవేత్త ఒకే వరుసలో నాలుగు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి ద్వారా విద్యుత్తు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీని కొలిచి, కడ్డీల మధ్య దూరం పెంచుకుంటూ పోతూ ఏ లోతులో రాయి విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో లెక్కిస్తాడు. తడి ఉన్న పగుళ్ల రాయి తక్కువగా, గట్టి రాయి ఎక్కువగా అడ్డుకుంటాయి. ఫలితం ప్రతిసారీ నూటికి నూరుపాళ్లు నిజం కాకపోయినా, ఊహ కన్నా ఎంతో మేలు. ఈ పని నేర్చిన ఒక్క మనిషి మండలంలో ఉంటే ఎన్ని కుటుంబాల అప్పు తప్పుతుందో ఆలోచించవలసిన విషయం. ఉద్యోగావకాశం అన్న మాటకు ప్రభుత్వ కొలువు ఒక్కటే అర్థం కానవసరం లేదు.

ఈ విచారణకు తెలంగాణ విద్యార్థికి ఉన్నంత అనుకూలత దేశంలో చాలా తక్కువ చోట్ల ఉంది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం, జీఎస్ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం, దాని శిక్షణ సంస్థ, ఎన్‌ఎమ్‌డీసీ ప్రధాన కార్యాలయం, జాతీయ దూరసంవేదన కేంద్రం, సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇవన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సీఎస్ఐఆర్ స్థాపక దినమైన సెప్టెంబర్ 26 సందర్భంగా, ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరిచే ఆనవాయితీ ఉంది. బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికినదే. 1988లో దానికి శాస్త్రీయంగా ఆ పేరు పెట్టినవాడు జీఎస్ఐ శాస్త్రవేత్త పి. యాదగిరి. గోదావరి లోయ గోండ్వానా శిలలు బొగ్గునే కాక ఇటువంటి చరిత్రనూ దాచుకున్నాయి.

శిలల మీద ఆసక్తి లేని విద్యార్థికి కూడా ఇదే ప్రాంతం వేరే శాస్త్రాల్లో సామగ్రి సమకూర్చి పెట్టింది. కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయుల వంశక్రమాన్ని చెప్పే ముఖ్యాధారం. శాసనశాస్త్రం, అంటే రాతి మీద, రాగి రేకుల మీద రాతలను చదివి కాలనిర్ణయం చేసే విద్య, అక్కడే మొదలుపెట్టవచ్చు. ఇటీవలి చరిత్ర విషయానికి వస్తే, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్‌ను కేంద్రంగా చేసుకుని 1945లో మరణించేదాకా పని చేశాడు. దేశీయ శిల్పరీతులను కలుపుకుని ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. ఆయన జీవితం మీద సూసన్ బిలింగ్టన్ హార్పర్ చేసిన పరిశోధన 2000లో గ్రంథంగా వచ్చింది. దూరదేశపు పండితురాలికి పరిశోధనాంశమైన ఊరు, ఆ ఊరి విద్యార్థికి కేవలం రైలు మారే జంక్షన్‌గా మిగలడం విచారకరం. సొంత లిపి లేని లంబాడా భాషను ఇంట్లో మాట్లాడే పిల్లలు ఇక్కడి తరగతుల్లో ఎందరో ఉన్నారు. భాషాశాస్త్రంలో పరిశోధనకు అది గొప్ప అర్హత. అయితే ఈ శాస్త్రాల్లో కొలువులు భూగర్భశాస్త్రం కన్నా తక్కువని, నెట్ దాటిన తర్వాత కూడా ఏళ్ల తరబడి నిరీక్షణ ఉంటుందని ముందే తెలిసి చేరడం మంచిది.

చివరగా కాలపట్టిక, ఎందుకంటే మంచి విచారణ కూడా ఆలస్యమైతే ఫలించదు. ఎమ్మెస్సీ ప్రవేశానికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీపీగెట్, ఐఐటీల్లో జామ్ అనే ప్రవేశపరీక్షలు ఉన్నాయి. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీకి చాలా ఐఐటీలు డిగ్రీలో ఆ శాస్త్రాన్ని ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలని అడుగుతాయి గనుక, దోస్త్ ఆప్షన్ల నాడే సబ్జెక్టుల కూర్పు సరిచూసుకోవాలి; భూభౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీకైతే గణితం, భౌతికశాస్త్రం చదివినవారికీ చోటుంటుంది. జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది గాని దరఖాస్తు గడువు అంతకు ముందటి అక్టోబర్ నాటికే ముగియడం మామూలు. ఆ అక్టోబర్‌లో విద్యార్థి డిగ్రీ ఐదో సెమిస్టర్ చదువుతూ ఉంటాడు. అప్పుడు మొదలుపెడితే సిలబస్ తిరగేయడానికే సమయం చాలదు. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ ప్రిలిమినరీ పరీక్ష కూడా ఫిబ్రవరిలోనే ఉంటుంది, దాని ప్రకటన అంతకు ముందటి సెప్టెంబర్‌లో వస్తుంది. ఈ తేదీలను బట్టి చూస్తే, గనిని చూడటం, కోర్ పెట్టెను చూడటం, అర్హతల పేరాను చదవడం, ఆ శాస్త్రంలో పని చేస్తున్న ఒకరిద్దరిని కలిసి వారి రోజువారీ పనిని గురించి అడగడం, ఇవన్నీ రెండో ఏడు వేసవి సెలవుల్లోపు పూర్తి కావాలి. ఇల్లందుకు డోర్నకల్ నుంచి గంట ప్రయాణం. అధ్యాపకుని ఉత్తరంతో సంస్థ అనుమతి ముందుగా కోరితే విద్యార్థి బృందాలు గనిని చూసి రావచ్చు, ఆ ఉత్తరం రాయించుకోవడానికి సెలవుల దాకా ఆగనక్కర్లేదు.